ఎలుకల పెండ్లికి గూడెంలో కట్టిన తప్పు

ప్రయాణానికి ముందురోజు నేను చేసిన ఆఖరి పని ఎలుకల డబ్బాలన్నిటికీ నీళ్ల సీసాలు మార్చడం. నాలుగు రోజులు నేనుండను. నా బదులు వచ్చే అమ్మాయిని అరల వెంట తిప్పి, ఏది కరుస్తుంది, ఏది సీసా మూతి కొరికి డబ్బా అంతా తడుపుతుంది, ఏ తల్లి కొత్త చేతి వాసన తగిలితే పిల్లల్నే తినేస్తుంది, అన్నీ చెప్పాను. "మా అమ్మ నన్ను అత్తగారింటికి పంపినప్పుడు కూడా ఇన్ని చెప్పలే ఆంటీ" అని ఆ అమ్మాయి నవ్వింది.

హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో నేను ఎలుకల ఇల్లు చూసుకుంటాను. బొటనవేలంత చిట్టెలుకలు. సుగరు రోగం, ఒళ్లు రావడం ఒక వంశంలో ఎట్లా దిగుతాయి, ఒకే ఇంట్లో అక్కకు వచ్చి చెల్లెకు ఎందుకు రావు, ఇవి తెలుసుకోవడానికి వాటిని పెంచుతారు. మొదట ఊడ్చే పనికే చేరాను. ప్రతి డబ్బాకూ ఒక కార్డు ఉంటుంది. పుట్టిన తేదీ, తల్లి నంబరు, తండ్రి నంబరు, ఏ వంశం. అది చదవలేని మనిషికి డబ్బా ముట్టే పని ఇవ్వరు. అందుకని నలభై ఏడేళ్ల వయసులో మా చర్చి హాల్లో సాయంత్రం బడిలో కూర్చున్నాను. ముందు అంకెలు వచ్చాయి, తర్వాత అక్షరాలు, ఆ తర్వాత నా చేతికి ఎలుకలు వచ్చాయి.

ఈ ప్రయాణం పెట్టింది నీలిమ మేడం. డాక్టర్ చదువు చదివి, తర్వాత ఈ ఎలుకల పరిశోధనలోకి వచ్చిన మనిషి. టేకులపల్లి అవతల అడవిలో ఒక కోయ గూడెం ఉంది. అక్కడ సుజాత అనే పదిహేడేళ్ల పిల్ల. తల్లి లేదు, నాయనమ్మ పెంచింది. తండ్రి బొగ్గు లారీ మీద తిరుగుతాడు. సుజాతకు పన్నెండేళ్లకే సుగరు వచ్చింది. అప్పటినుంచి రోజూ పొట్ట మీద ఇన్సులిన్ సూదులు. తండ్రికీ సుగరే.

రెండేళ్ల కింద మేడం వాళ్లిద్దరి నెత్తురు తెచ్చి చూస్తే, ఇద్దరి జన్యువుల్లో ఒక్కచోట ఒకే మార్పు కనబడింది. అదే రోగానికి మూలమో, ఊరికే పుట్టుమచ్చలా ఉండిపోయిన మార్పో తెలియలేదు. అదే మార్పును మా ఎలుకల్లో పెట్టారు. అవి బక్కగానే పెరిగాయి గానీ సుగరు వచ్చింది. సూది మందు లేకుండా, ఎప్పటినుంచో ఉన్న ఒక చవక మాత్ర కొంచెం ఇస్తేనే దిగిపోయింది. మనుషుల్లోనూ ఈ రకం ఉన్నవాళ్లు కొందరు సూది మానేసి మాత్ర మీద బతకగలరట. సుజాత నాయనమ్మకూ సుగరు ఉంది. ఆమె నెత్తురులోనూ అదే మార్పు దొరికితే మూడు తరాల సాక్ష్యం అవుతుంది. డాక్టర్లు ధైర్యంగా మాత్ర మొదలుపెట్టొచ్చు. కానీ ముసలామె నెత్తురు ఇవ్వనన్నది.

"మీది అటువైపే కదా ఆంటీ. నేను మాట్లాడితే రేడియోలో వార్తలు విన్నట్టుంది అన్నారు వాళ్లు. మీరొచ్చి మీ మాటల్లో చెప్పండి" అన్నది మేడం. ఆమెది బెజవాడ.

ఖమ్మం దాకా తుమ్ములు

రైల్లో మా ఎదురుగా ఒక మిర్చి రైతు కూర్చున్నాడు. హైదరాబాదులో బిడ్డ ఇంటికి కారప్పొడి ఇచ్చి వస్తున్నాడు. మిగిలిన ఎండుమిర్చి సంచి ఒళ్లో ఉంది.

"ఏం పని జేస్తవమ్మా?" అని అడిగాడు.

"ఎలుకలను సాదుత."

"పట్టుడా, సాదుడా?"

"సాదుడే."

చుట్టుపక్కల సీట్లన్నీ మా వైపు తిరిగాయి. "మా ఇంట్ల బస్తెడున్నయ్, తోల్కపో. కిరాయి గూడ నేనే ఇస్త" అన్నాడు.

నవ్వి, సంగతి చెప్పాను. ఒళ్లు పెంచే ఒకే లోపాన్ని రెండు వంశాల ఎలుకల్లో పెడితే, ఒక వంశంలో ఒట్టి లావే అవుతాయి, సుగరు కొంతకాలం పెరిగి సర్దుకుంటుంది. ఇంకో వంశంలో లావూ అవుతాయి, సుగరూ ముదిరి చస్తాయి. లోపం ఒక్కటే. నేను ఎనిమిదేళ్లుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ వింతే.

ఆయనకు వింత కాలేదు. "గా ముచ్చట మాకెరికే. ఒక్కటే మిర్చి విత్తనం. నా ఎర్ర చెల్కల పెడితే గింతంత కాయ. మా బామ్మర్ది నల్లరేగట్ల పెడితే జానెడు కాయ. విత్తనం ఒక్కటే జూస్తే ఎట్ల? అది పడ్డ నేలను గూడ జూడాలె."

మేడం పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నది. "ఇదే నేను క్లాసులో గంటసేపు చెప్తానండీ, సగం మంది నిద్రపోతారు" అన్నది. ఆయన పొంగిపోయి, ఏ కాయ ఎట్లుంటుందో చూపిద్దామని సంచి మూతి విప్పాడు. అదే సమయానికి బండి గుంజుకున్నది. కాయలు, గింజలు, పొడి ఫ్యాను గాలికి లేచి బోగీ అంతా పరుచుకున్నాయి. ఎవరు ఎవరిని తిట్టాలో తెలియకుండా అందరం తుమ్మాం. మేడం తుమ్ములు డోర్నకల్ దాటినా ఆగలేదు.

ఖమ్మంలో దిగి ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్ఫై. హైదరాబాదులో మా వీధిలో నలభై, చట్నీ మళ్లీ అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇక్కడ అడగకముందే గంటెతో నిలబడ్డాడు. మార్చి నెల కావడంతో ఊరంతా మిర్చి ఘాటు. మేడం ముక్కుకు చున్నీ కట్టుకుంది. నేను ఆ గాలిలోనే పెరిగినదాన్ని, గుండె నిండా పీల్చుకున్నాను.

ఏన్కూరులో ఒక పూట

ఏన్కూరులో నా తమ్ముడి ఇల్లు. మేం వెళ్లేసరికి మరదలు రూతమ్మ చింతచిగురులో ఎండు రొయ్యలు వేసి వండి, దాని మీద ఇంకో మూత పెట్టి ఉంచింది, నేను వస్తే మొదటి వాసన నాకే తగలాలని.

"రా ఒదినె రా, ఎలుకల దొరసానీ. మా ఇంట్ల పిల్లి ఉన్నది, నిన్ను జూసి అది ఉరుకుతదో, నువ్వే దాన్ని జూసి ఉరుకుతవో!" అన్నది.

రూతమ్మ మనిషి చాలా లావు. తినేది చూస్తే నాకంటే తక్కువ. మా తమ్ముడు ఊరుకోడు. ఆమె రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే, "పెట్టుకో పెట్టుకో, గుమ్మం ఎడల్పు జేయించిన గద" అన్నాడు.

నేను మా బొద్దెలుకల సంగతి చెప్పాను. మామూలు ఎలుక కడుపు నిండగానే ఆపేస్తుంది. ఎందుకంటే దాని ఒంట్లోని కొవ్వే "చాలు, నిండింది" అని తలకు కబురు పంపుతుంది. మా దగ్గర ఒక రకం ఎలుకకు ఆ కబురే పుట్టదు, పుట్టుకతోనే. ఎంత తిన్నా ఆకలే. ఆ కబురును మందుగా ఎక్కిస్తే అదే ఎలుక తిండి తగ్గించి సన్నబడుతుంది. నేను నా కళ్లతో చూశాను. గిన్నె ముందు నుంచి లేవని ఎలుక, వారానికి మూల నుంచి మూలకు పరుగెత్తింది.

రూతమ్మ చేతిలోని ముద్ద అట్లాగే ఉండిపోయింది. "అయితే దాన్ది తిండిపోతు గుణం గాదన్నట్టు."

"గాదు."

"ఇన్నవా?" అని మొగుడి వైపు తిరిగింది. "ఇరువై ఏండ్ల సంది నన్నంటున్నవ్. ఎలుకకున్న ఇజ్జత్ నాకు లేకపాయె."

మేడం జాగ్రత్తగా కలగజేసుకుంది. మనుషుల్లో ఆ ఒక్క లోపం చాలా అరుదని, ఎక్కువమందికి బోలెడు చిన్న చిన్న జన్యువులు, తిండి, నిద్ర, పని అన్నీ కలుస్తాయని, నడక మానొద్దని చెప్పింది. రూతమ్మ అంతా విని, "నడుస్త మేడం. కానీ ఈయన నోరు మూస్తే ఇంక జల్దీ నడుస్త" అన్నది. మా తమ్ముడు లేచి ఆమె కంచంలో తన చేత్తో రొయ్యలు వడ్డించాడు. పెండ్లయినప్పటినుంచి వాడు వడ్డించడం నేను చూడలేదు.

టేకులపల్లి దాటాక

మరునాడు టేకులపల్లి దాటి అడవిలోకి మళ్లాం. ఇప్పపూలు రాలే కాలం. ఆటో చక్రాల కింద కూడా పూలే, లేత పసుపు ముత్యాల్లాగా. మేడం ఆటో ఆపించి గుప్పెడు ఏరుకుని తిన్నది. తియ్యగా ఉన్నాయని ఇంకో గుప్పెడు. "చాలు మేడం" అని నేనన్నాను. మూడో గుప్పెడు తిన్నది. ఆ తర్వాత రెండుసార్లు ఆటో ఆపాల్సి వచ్చింది. ఆటో ఆయన అటు తిరిగి కూర్చుని, "కొత్తోళ్లందరు గిట్లనే జేస్తరమ్మా. సార్లయితే ఇంక ఎక్వ తింటరు" అని నన్ను ఓదార్చాడు.

గూడెం మొదట్లోనే సుజాత ఎదురొచ్చింది. సన్నటి పిల్ల, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. ఇంట్లోకి తీసుకెళ్లి ముందు తన మందు చూపించింది. ఒక పెద్ద కుండ, అందులో చిన్న కుండ, రెండిటి మధ్య తడి ఇసుక. చిన్న కుండలో ఇన్సులిన్ సీసా. గూడెంలో ఫ్రిజ్ లేదు.

"రోజుకు రెండుసార్లు ఇసుక తడుపుత ఆంటీ. భద్రాచలంల నర్సింగు సీటు వస్తదంటున్నరు. హాస్టల్ల అందరి ముంగట సూది ఏసుకునుడు, ఏసుకున్నంక టైముకు తినుడు... నైట్ డ్యూటీ పడితె ఎట్లనో" అన్నది. ఆపి, మెల్లగా అడిగింది. "అవ్వ నెత్తురిస్తె నిజంగ సూది పోతదా?"

"పోవచ్చు. పోతుందని నేను మాటివ్వలేను" అన్నది మేడం.

"పోవచ్చు అన్నా చాలు" అన్నది సుజాత.

బుచ్చమ్మ వాకిలి

ఆ పిల్ల నాయనమ్మ పేరు బుచ్చమ్మ. వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తున్నది. నడుం వంగింది గానీ చూపు వంగలేదు. మాతో తెలుగులో మాట్లాడుతుంది, కోపమొస్తే కోయ భాషలోకి పోతుంది. అప్పుడు సుజాత మాకు తెలుగు చేస్తుంది, సగం మాటలు మింగి.

ముందు తిండి. జొన్న రొట్టె, చింతచిగురు పప్పు. నేను తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. బుచ్చమ్మ రొట్టె నుంచి చిన్న తునక తుంచి పక్కన పెట్టింది, పోయిన పెద్దలకట. నేను కళ్లు తెరిచేదాకా ఆమె ముద్ద నోట్లో పెట్టలేదు. ఆమె తునక పెట్టేదాకా నేనూ ఆగాను. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఫోన్లో ఎలుకల వీడియో చూపించాను. వాకిలి నిండింది. బొద్దెలుక కనబడగానే, "అబ్బ, ఎంత బలిసింది! ఒక్కటి కోస్తె ఇంటిల్లిపాదికి కూర" అన్నాడు గూడెం పటేల్ ముత్తయ్య. చిన్నప్పుడు వరికోతలప్పుడు మేమూ పొలం ఎలుకలు కాల్చుకుని తిన్నవాళ్లమే. నాకూ నవ్వొచ్చింది. మేడం మాత్రం ఆ ఎలుక ఖరీదు చెప్పబోయి ఊరుకుంది.

అంతా బాగా నడుస్తున్నది. మేడం కాగితం తీసింది. నెత్తురు ఎందుకు, దేనికి వాడతారు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా కాదనొచ్చు అని రాసి ఉన్న కాగితం. నేను ఒక్కో వాక్యం చదివి, గూడెం మాటల్లో చెప్పుకుంటూ పోయాను. బుచ్చమ్మ తల ఊపుతూ విన్నది. మధ్యలో ఒకటడిగింది.

"ఎలుకకొచ్చిన రోగం ఆ మార్పుతోనే వచ్చిందని ఎట్ల జెప్తరు? వేరే దేనితోనన్న వచ్చిందేమో."

మంచి ప్రశ్న. ఎనిమిదేళ్ల పనితనం నా నాలుక మీదికి వచ్చింది. రైల్లో రైతు మాట కూడా గుర్తొచ్చింది. "అవ్వా, నేల ఒక్కటే ఉంటెనె గద విత్తనం ఫరకు తెలిసేది. ఒక వంశంల మా ఎలుకలన్ని అచ్చం ఒక్కటే తీరు. ఒకదానికి ఇంకోదానికి ఇంత గూడ తేడా ఉండది. మార్పు పెట్టినయ్ రోగంతోని పడ్డయ్, పెట్టనియ్ మంచిగున్నయ్. గట్ల ఒక్కతీరు ఉండాలనే తరాల సంది అన్నను, చెల్లెను కలిపి పిల్లలు దీస్తరు. నేనొచ్చినంక నా చేతులతోనే కలిపిన. ఒక్కసారి గూడ తప్పు జరగలే" అన్నాను, గర్వంగా.

బుచ్చమ్మ తల ఊపడం ఆపింది.

కోయ భాషలో ఏదో అన్నది. సుజాత తెలుగు చెయ్యలేదు.

"ఏమంటుంది?" అని మేడం అడిగింది.

"అన్నను చెల్లెను కలుపుతరా అంటున్నది" అన్నది సుజాత, నేల చూస్తూ.

నేను మరిచిపోయాను. అడవి పక్కన పెరిగిన నేను మరిచిపోవాల్సిన సంగతి కాదు. వీళ్లకు గట్టు అనే లెక్క ఉంది. కొన్ని వంశాలు కలిస్తే ఒక గట్టు. ఒక గట్టులో పుట్టినవాళ్లంతా, ఎన్ని ఊళ్ల అవతల ఉన్నా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. వాళ్ల మధ్య పెండ్లి మాట తలచుకోవడమే తప్పు. ముక్కూ మొహం తెలియని మనిషికే అంత పట్టింపు ఉంటే, తోడబుట్టినవాళ్లను కలిపానని నేను వాకిట్లో కూర్చుని గొప్పలు చెప్పాను.

"ఎలుకలకు అన్నా చెల్లె ఉండదు అవ్వా, విత్తనం అసొంటిది" అన్నాను, సర్దబోయి.

"విత్తనానికి తల్లి పేరు, తండ్రి పేరు అట్ట మీద రాస్తరా?" అన్నది బుచ్చమ్మ. "రాసిపెట్టుకున్నవ్ గద. ఎవలు అన్ననో ఎవలు చెల్లెనో ఎరికై కలిపినవ్. తెల్వక జేస్తె వేరు."

ఆమె లేచి చేట ఎత్తుకుంది. "గసొంటి ఇంటికి నా నెత్తురు బోదు."

సుజాత ఇంట్లోకి పోయి కుండల నడుమ ఇసుక తడపడం మొదలుపెట్టింది. అది అప్పటికే తడిగా ఉంది.

తప్పు

ఆ రోజు అక్కడే ఉన్నాం. తెల్లవారి నేను బుచ్చమ్మ వెంట ఇప్పపూలు ఏరడానికి పోయాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. అరగంట ఏరాక, "మరి పని అయినంక ఆ ఎలుకలను ఏం జేస్తరు?" అని అడిగింది.

దాచాలనిపించలేదు. "చంపుతం అవ్వా. నొప్పి తెల్వకుంట."

"తింటరా?"

"తినం. లోపల జూసి, మిగిలింది కాలుస్తరు."

హైదరాబాదులో నా పని ఏమిటో తెలిసినవాళ్లందరూ ఈ చంపే దగ్గరే నా మీద మొహం చిట్లిస్తారు. బుచ్చమ్మ చిట్లించలేదు. "చంపుడు తప్పు గాదు. వేటకు పోయినోడు చంపుతడు, ఏం కావాల్నో ఎరికై చంపుతడు. కలిపినదే తప్పు" అన్నది. ఒడిలో పూలు సర్దుకుని, "తప్పంటె తీరనిది గాదు. తప్పుకు దండుగ కట్టే పద్ధతి ఉంటది" అన్నది.

పూలు ఎండబోశాక పటేల్ ముత్తయ్యను పిలిపించింది. మరో నలుగురు పెద్దలు వచ్చారు. గట్టు తప్పి పెండ్లి చేసుకున్నవాళ్లకు పెట్టే పంచాయితీయే నాకూ పెట్టారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు.

మేడం ముందుకొచ్చింది. "అది నా పని అవ్వా. నేను చెప్తేనే ఆంటీ చేసింది. ఏదైనా ఉంటే నాకు వెయ్యండి."

"నువ్వు జెప్పినవ్. అన్నను పట్టి, చెల్లెను పట్టి, ఒక్క డబ్బల ఏసిన చెయ్యి ఎవలది?"

"నాదే" అన్నాను.

"ఇగనన్న మానుతవా?" అని ముత్తయ్య అడిగాడు.

అవునంటే అయిపోయేది. సుజాత గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తున్నది. అబద్ధం నోటి దాకా వచ్చింది. "మానలేను అన్నా. అది మానితే ఆ పని సాగది. ఈ పిల్లకు మాత్ర సాలని ఎలుక ఎట్ల జెప్పిందో, రేపు ఇంకో పిల్లకు జెప్పాలన్నా గట్లనే జెయ్యాలె" అన్నాను.

పెద్దలు తమలో తాము కోయ భాషలో మాట్లాడుకున్నారు. చాలాసేపు. ఒకాయన వేళ్లు మడిచి ఏదో లెక్క చెప్పాడు. ఒకామె నవ్వింది. ఆ నవ్వు దేనికో నాకు తెలియలేదు.

చివరికి ముత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒక్కసారి జేసినోడు ఒక్కసారి తప్పు కడతడు. నువ్వు ఏటేటా జేస్తవ్. గందుకని ఏటేటా ఒక కోడి. ఇప్పపూల కాలంల తెచ్చి కట్టాలె. కుండెడు కల్లు మేం దెచ్చుకుంటం, ఆ పైకం మేడమ్ది, చెప్పిన తప్పుకు."

"ఒప్పుకున్న" అన్నాను. ఆ తర్వాత నాకు భయమేసి, "కానీ అన్నా, నేను యేసు బిడ్డను. కోడి ఇస్త, మొక్కను. కల్లు తాగను" అన్నాను.

బుచ్చమ్మ నా వైపు విసుగ్గా చూసింది. "నిన్నెవలు మొక్కుమన్నరు? తప్పు నీది, మొక్కు మాది. నువ్వు కూరల ఉప్పు సరిపాయెనా లేదా జూడు, సాలు."

పక్కింట్లో కోడిపుంజు నాలుగొందల యాభై అన్నారు. మేడం బేరమాడబోతే సుజాత ఆపింది. "తప్పు కోడికి బేరం ఆడద్దు మేడం, తప్పు మల్ల మిగుల్తది." నా చేతుల మీద పసుపునీళ్లు పోశారు. ఎలుకను పట్టే బొటనవేలు, చూపుడువేలు ఆ రెండూ బాగా రుద్దమన్నది బుచ్చమ్మ. రుద్దాను.

మధ్యాహ్నం కోడికూర తిన్నాక ఆమె తనంతట తానే చెయ్యి చాపింది. "తియ్యి. ఎంత గావాల్నో తియ్యి."

మేడం సూది గుచ్చుతూ, మాట మరల్చడానికి, సుగరుకు ఏం మందు వాడుతున్నారని అడిగింది.

"సర్కారు దవాఖానాల ఇచ్చిన బిళ్ల. నిండు బిళ్ల మింగితే కండ్లు తిరిగి పడిపోత. గందుకే ఈనెపుల్లతోని నాలుగు తునకలు జేసి ఒక్క తునక మింగుత. గా దానికే దిగుతది."

మేడం చెయ్యి ఆగింది. ఆ బిళ్ల చూపించమన్నది. మా ఎలుకలకు పెట్టిన మందు అదే. ఈ రకం సుగరు ఉన్నవాళ్లకు ఆ మందు చిటికెడే చాలట, ఎక్కువైతే సుగరు మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయట. "రెండేళ్ల నుంచి మేం వెతుకుతున్నది ఈ అవ్వ ఈనెపుల్లతో కోసుకుని తింటోంది ఆంటీ" అన్నది మేడం. పరీక్ష ఫలితం రాకుండా ఏమీ అనకూడదని వెంటనే తనే చెప్పుకుంది.

ఆ తర్వాత వంశం రాసుకున్నాం. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. బుచ్చమ్మ కాగితం లేకుండా ఆరు తరాలు చెప్పింది, ఎవరు ఏ గట్టు నుంచి వచ్చారు, ఎవరికి ఎంతమంది, ఎవరు ఎట్లా పోయారు. "మా పెద్దన్న మంచిగున్నోడు ఎండిపోయి పోయిండు. ఊకె నీళ్లు దాగేటోడు" అన్నప్పుడు మేడం సుగరు గుర్తుగా ఆ చదరాన్ని నల్లగా నింపింది. పెన్ను రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మా పరిశోధనశాలలో కంప్యూటర్ ఉంది, నా డబ్బాలకు కార్డులున్నాయి. ఆరు తరాలు ఒక్కసారి కూడా తడబడకుండా చెప్పడం నేను ఎక్కడా చూడలేదు.

లేవబోతుంటే చెప్పింది. "మణుగూరుల మా చెల్లె బిడ్డ ఉన్నది, రాజక్క. ఆమె గూడ సూది ఏసుకుంటది. నేను పంపిన్నని జెప్పుండ్రి."

మణుగూరు మీదుగా

మణుగూరులో గని కాలనీ గేటు దగ్గర రాజక్క బజ్జీల బండి. బొగ్గు దుమ్ము పడకుండా బండి చుట్టూ ప్లాస్టిక్ పరదా కట్టుకుంది. ప్లేటు ఇరవై, నాలుగు బజ్జీలు, హైదరాబాదులో అయితే రెండే. బుచ్చమ్మ పేరు చెప్పగానే మమ్మల్ని బండి వెనక స్టూళ్ల మీద కూర్చోబెట్టింది.

"పెద్దమ్మ ఇచ్చిందా నెత్తురు? ఆ పెద్దమ్మ?" అని రెండుసార్లు అడిగింది. "ఏం బెట్టి ఒప్పించిండ్రు?"

"కోడి" అన్నాను.

కథంతా విని, బజ్జీల గరిటె పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే చీర చెరగుతో చెయ్యి తుడుచుకుని మేడం ముందు చాపింది. "నాకేం పంచాయితీ వద్దు. ఎలుకలను ఎవలకన్న ఇచ్చి పెండ్లి చేయుండ్రి." కొనడానికి వచ్చినవాళ్లు వరుసలో నిలబడి, బండి వెనక నెత్తురు తీయడం చూశారు. ఒకాయన తనకూ సుగరు ఉందని, తనదీ తీయమని అడిగాడు. అందరిదీ ఈ రకం కాదని, చాలామందికి ఇన్సులిన్ మానితే ప్రాణం మీదికొస్తుందని, డాక్టరు చెప్పకుండా ఎవరూ సూది ఆపొద్దని మేడం బజ్జీ తింటూ పది నిమిషాలు చెప్పింది. రైలు ఎక్కేసరికి ఆమె గొంతు పోయింది.

పరీక్షల ఫలితం రావడానికి నెల పైనే పట్టింది. బుచ్చమ్మలో ఉంది. రాజక్కలోనూ ఉంది. భద్రాచలంలో డాక్టరు సుజాతను కొన్నాళ్లు దవాఖానాలో తన కళ్ల ముందు ఉంచుకుని, ఇన్సులిన్ కొంచెం కొంచెం తగ్గిస్తూ మాత్ర మొదలుపెట్టాడు. ఆ రోజులన్నీ మేడం ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగింది.

ఒక పొద్దున నేను ఎలుకల ఇంట్లోకి పోబోతుండగా సుజాత ఫోన్ చేసింది. గూడెం నుంచే.

"ఆంటీ, ఇయ్యాల సూది లేదు. మాత్ర ఏసుకున్న, అయిపోయింది."

"సుగరు జూసినవా?"

"జూసిన, మంచిగున్నది." వెనక కోళ్ల చప్పుడు వినబడుతున్నది. "రోజు గీ టైముల సీసా తీసుడు, సూది కడుగుడు, పొట్ట మీద జాగ ఎతుకుడు ఉండె. ఇప్పుడు ఆ టైమంత మిగిలింది. ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

"మరేం జేస్తున్నవ్?"

"ఏం జేస్తలేను ఆంటీ" అన్నది. "గడప మీద ఊకెనే కూసున్న."